రెండు పక్షాలకూ ఒకే సాక్షి

తెలుగు వార్తా ఛానళ్ల చర్చా కార్యక్రమాల సంపాదకులకు బహిరంగ లేఖ



రాత్రి చర్చలు నడిపే మీకూ, ఆ చర్చలకు అతిథులను వెతికి తెచ్చే మీ ఆఫీసు కుర్రవాళ్లకూ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. పేరు చెప్పుకునేంత పెద్దవాణ్ణేం కాను.

శ్రీహరికోటలో రాకెట్ లేస్తుందంటే మీ తెర మీద ఏం నడుస్తుందో నాకు కంఠతా వచ్చేసింది. ఇస్రో వాళ్లు చిన్న నమూనా పట్టుకుని తిరుమల వెళ్తారు. 2023 జూలైలో చంద్రయాన్-3 నమూనాతోనూ వెళ్లారు. ఆ దృశ్యాన్ని పావుగంటకోసారి తిప్పి తిప్పి వేసి, రాత్రికి ఇద్దరిని కూర్చోబెడతారు. ఒక కిటికీలో ప్రవచనకర్త, ఇంకో కిటికీలో హేతువాది. శాస్త్రవేత్తలే మొక్కుతుంటే ఇంకేం రుజువు కావాలని ఆయన, ప్రజల సొమ్ముతో కట్టిన రాకెట్‌కు మొక్కులేమిటని ఈయన. గొంతులు బొంగురుపోయాక, మధ్య కిటికీలో బిక్కుబిక్కుమంటున్న పంతులు వైపు తిరిగి, "సార్, ఫిజిక్స్ ప్రకారం దేవుడున్నాడా లేడా? ఒక్క ముక్కలో చెప్పండి, బ్రేక్‌కి వెళ్లాలి" అంటారు.

ఒక ఛానల్ వాళ్లు పిలిస్తే ఆ మధ్య కిటికీలో నేనూ కూర్చున్నాను. నోరు తెరిచేలోగా వంటనూనె ప్రకటన వచ్చింది. ఆ జవాబే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఒక్క ముక్కలో మాత్రం కుదరదు.

ఆరోజు ఇద్దరు పెద్దమనుషులూ ఎత్తుకున్న ఆయుధం ఒక్కటే. బడి పుస్తకంలోని శక్తి నిత్యత్వ నియమం. శక్తిని పుట్టించలేం, నశింపజేయలేం. ప్రవచనకర్త దాన్ని తీసుకెళ్లి గీతలోని ఆత్మకు ముడేశారు. పుట్టుకా చావూ లేనిదాని గురించి మనవాళ్లు ఎప్పుడో చెబితే ఐన్‌స్టీన్ ఇప్పుడు ఒప్పుకున్నాడన్నారు. (ఐన్‌స్టీన్ ఎందుకొచ్చాడో నాకు తెలీదు. ఇలాంటి సభలకు ఆయన పిలవకపోయినా వస్తాడు.) హేతువాది అదే నియమాన్ని లాక్కుని, శక్తిని ఎవరూ పుట్టించలేరని ఫిజిక్సే అంటుంటే ఇక సృష్టికర్తకు చోటెక్కడ అన్నారు. ఒకే సాక్షి రెండు పక్షాల తరఫునా బోనెక్కాడు. అలాంటి సాక్షిని ఏ జడ్జిగారైనా ఏం చేస్తారో మీకు చెప్పక్కర్లేదు.

సాక్షి తప్పు కాదది. ఆ నియమం అసలు ఏం చెబుతుందో ఇద్దరూ అడగలేదు. 1918లో జర్మనీలోని గొట్టింగెన్‌లో ఎమ్మీ నోథర్ అనే గణితజ్ఞురాలు దాని గుట్టు విప్పింది. ఆడమనిషని ఆమెకు యూనివర్సిటీలో ఉద్యోగం ఇవ్వలేదు. ఆమె పాఠాలను అక్కడి పేరుమోసిన గణితజ్ఞుడు హిల్బర్ట్ పేరు మీద ప్రకటించేవారు. ఐన్‌స్టీన్ కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతంలో శక్తి లెక్క ఎందుకు సరిగ్గా కుదరడం లేదో తెలియక హిల్బర్ట్, క్లైన్ అంతటివాళ్లు తల పట్టుకుంటే, ఆమె మూలానికి వెళ్లింది. ప్రకృతి నడత నిన్నా నేడూ రేపూ ఒకేలా ఉన్నచోట, దాని ఫలితంగా శక్తి మొత్తం మారకుండా ఉంటుంది. కాలంతో పాటు అంతరాళమే సాగిపోతున్న చోట ఆ హామీ లేదు.

మన విశ్వం సరిగ్గా అలాంటిదే. మహావిస్ఫోటం తర్వాత సుమారు 3,80,000 ఏళ్లకు బయల్దేరిన వెలుగు ఇప్పటికీ అన్ని దిక్కుల నుంచీ మన మీద పడుతూనే ఉంది. 1964లో రేడియో ఖగోళజ్ఞులు పెంజియాస్, విల్సన్‌లకు న్యూజెర్సీలోని యాంటెన్నాలో ఎంత తుడిచినా పోని రొదగా దొరికింది అదే. బయల్దేరినప్పుడు దాని ఉష్ణోగ్రత దాదాపు 3000 కెల్విన్. మన దగ్గరికొచ్చేసరికి 2.7. దారిలో దాని తరంగం 1100 రెట్లు సాగింది. అంటే ఒక్కో ఫోటాన్‌కు బయల్దేరినప్పటి శక్తిలో వెయ్యో వంతు కూడా మిగల్లేదు. మిగతాది ఎక్కడికి పోయిందంటే, మొత్తం విశ్వానికంతటికీ కలిపి శక్తి ఇంత అని చెప్పడానికి ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సిద్ధాంతమైన సాధారణ సాపేక్షంలో ఒప్పుకోదగ్గ నిర్వచనమే లేదు. ప్రయోగశాలలో, రైలింజనులో, మన ఒంట్లో ఆ నియమానికి తిరుగులేదు. మీ అతిథులిద్దరూ దాన్ని సృష్టి మొదటికి లాక్కెళ్లారు. సరిగ్గా అక్కడే దాని అధికారం చెల్లదు.

ఇదేదో ఒక్క నియమానికి పట్టిన గతి కాదు. మూడొందల ఏళ్లుగా ఇదే నడుస్తోంది. అందులో నాకు బాగా నచ్చిన కథ గురు, శనులది. మీ పొద్దుటి రాశిఫలాల పుణ్యమా అని ఆ ఇద్దరూ మీ ప్రేక్షకులకు చుట్టాలే.

గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి 11.86 ఏళ్లు పడుతుంది. అందుకే ఇంచుమించు ఏడాదికో రాశి మారతాడు, పన్నెండేళ్లకు ఒక్కో నదికీ పుష్కరం వస్తుంది. శనికి 29.46 ఏళ్లు. పన్నెండు రాశులకు పంచితే ఒక్కోదానిలో సుమారు రెండున్నరేళ్లు. జన్మరాశి, దాని ముందుది, వెనకది కలిపితే ఏడున్నరేళ్లు. ఇంటికొకరిని భయపెట్టే ఏలినాటి శని అదే. ఇప్పుడు చిన్న గుణకారం చేయండి. గురుడి చుట్లు ఐదు అంటే 59.3 ఏళ్లు. శని చుట్లు రెండు అంటే 58.9 ఏళ్లు. దాదాపు సమానం, పూర్తిగా కాదు. ఆ దాదాపులోనే దేవుడు ఒకప్పుడు ఇరుక్కున్నాడు.

1687లో ప్రిన్సిపియాతో న్యూటన్ గ్రహాల నడకకు లెక్క చెప్పాడు. చెప్పాక ఒక చిక్కు మిగిలింది. గ్రహాలను సూర్యుడొక్కడే లాగడు, అవి ఒకదాన్నొకటి కూడా లాక్కుంటాయి. ఈ చిల్లర లాగుళ్లన్నీ పోగుపడితే ఎప్పటికో వ్యవస్థ అదుపు తప్పుతుందనీ, అప్పుడు దిద్దుబాటు అవసరమవుతుందనీ 'ఆప్టిక్స్' చివర్లో రాశాడు. దిద్దేవాడు దేవుడే. పాత పరిశీలనలతో పోల్చి చూసిన ఖగోళజ్ఞుడు హేలీకి గురుడు వేగం పుంజుకుంటున్నట్టు, శని మందగిస్తున్నట్టు తేలింది కూడా. అది అలాగే సాగితే గురుడు సూర్యుడి వైపు జారాలి, శని బయటకు వెళ్లిపోవాలి. జర్మన్ తత్వవేత్త లైబ్నిట్జ్‌కు ఈ దిద్దుబాటు మాట నచ్చలేదు. అప్పుడప్పుడూ కీ ఇస్తూ బాగుచేసుకోవాల్సిన గడియారం చేసినవాణ్ణి గొప్ప పనివాడంటారా అని 1715లో వేల్స్ యువరాణి కరోలిన్‌కు రాసిన ఉత్తరంలో ఎద్దేవా చేశాడు. ఒక సంగతి గమనించండి. ఇద్దరూ ఆస్తికులే. దేవుడికి ఇంకా పని ఉందని ఒకరి వాదన, పని మిగలడం ఆయనకు చిన్నతనమని ఇంకొకరి వాదన.

1785లో ఫ్రెంచి గణితజ్ఞుడు లాప్లాస్ ఆ ముడి విప్పాడు. ఐదు చుట్లూ రెండు చుట్లూ దాదాపు ఒకటే కావడంతో ఆ రెండు గ్రహాలు పదేపదే ఇంచుమించు అవే చోట్ల దగ్గరపడతాయి. లాగుడు ఒకేవైపు పోగుపడుతుంది. అయితే పూర్తిగా ఒకటి కాదు గనక, దగ్గరపడే చోటు మెల్లమెల్లగా జరుగుతుంది, కొన్ని శతాబ్దాలకు లాగుడు దిశ తిరగబడుతుంది. ఈ ఊగు ఒక దఫా పూర్తి కావడానికి సుమారు 900 ఏళ్లు. హేలీ చూసింది ఆ ఊగులో ఒక ముక్క. దిద్దాల్సిన తప్పేమీ లేదు. తన గ్రంథంలో దేవుడి ఊసెత్తలేదేమని నెపోలియన్ అడిగితే ఆ ఊహ తనకు అవసరపడలేదని లాప్లాస్ జవాబిచ్చినట్టు కథ. ఆ మాటే అన్నాడో లేదో గానీ, 1802లో వాళ్లిద్దరి మధ్య ఇదే విషయం మీద వాదన జరిగినట్టు, అక్కడే ఉన్న ఖగోళజ్ఞుడు విలియం హెర్షెల్ తన డైరీలో రాసుకున్నాడు.

హేతువాద మిత్రులు కథ ఇక్కడితో ఆపేస్తారు. ఇంకా ఉంది. 1989లో ఖగోళజ్ఞుడు జాక్ లాస్కార్ కంప్యూటర్ లెక్కలతో లోపలి గ్రహాల నడకలో అస్తవ్యస్తత ఉందని చూపించాడు. ఇవాళ భూమి ఉన్న చోటు కొలవడంలో 15 మీటర్లు తేడా వస్తే చాలు, పది కోట్ల ఏళ్ల తర్వాత అది తన కక్ష్యలో ఎక్కడుంటుందో చెప్పలేం. 2009లో గాస్టినోతో కలిసి ఇంకో లెక్క వేశాడు. రాబోయే 500 కోట్ల ఏళ్లలో బుధుడి కక్ష్య ప్రమాదకరంగా సాగిపోయే అవకాశం నూటికి ఒకటి. లాప్లాస్ ఇచ్చిన భరోసా కాస్త సడలింది, న్యూటన్ అనుమానం కాస్త నిలబడింది. ఈ వార్త విని ఏ చర్చీ, ఏ పీఠమూ దేవుడు తిరిగొచ్చాడని ప్రకటించలేదు. లెక్క అటు తిరిగినప్పుడు ఆయన పోయాడంటే, ఇటు తిరిగినప్పుడు రావాలి గదా! రాలేదంటే మొదట పోయిందీ లేదు. పోయింది, న్యూటన్ ఆయనకు అప్పజెప్పిన ఒక ఉద్యోగం మాత్రమే.

మహావిస్ఫోటం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. విశ్వానికి మొదలుందని 1931లో 'నేచర్' పత్రికకు చిన్న లేఖ రాసినవాడు జార్జ్ లెమైత్ర్. బెల్జియం దేశస్థుడు, క్యాథలిక్ ఫాదరీ. ఆ లేఖ చిత్తుప్రతి చివర్లో దేవుడి ప్రస్తావన ఒక పేరా ఉండేది. పంపేముందు దాన్ని తనే కొట్టేశాడు. 1951 నవంబరులో పన్నెండో పయస్ పోపు తన సైన్స్ అకాడమీ సభ్యుల ముందు మాట్లాడుతూ, ఆధునిక శాస్త్రం సృష్టి తొలి క్షణానికి సాక్ష్యం చెబుతోందని సంబరపడ్డారు. ఎగిరి గంతేయాల్సిన లెమైత్ర్ ఇబ్బందిపడ్డాడు. తన సిద్ధాంతం రేపు తప్పని తేలొచ్చు, మారొచ్చు. దానికి మతాన్ని కట్టేస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. వాటికన్ ఖగోళ సలహాదారుతో మాట్లాడాడు. మరుసటి ఏడాది రోమ్‌లో జరిగిన అంతర్జాతీయ ఖగోళజ్ఞుల సభకు వచ్చినవాళ్లతో పోపు మాట్లాడినప్పుడు ఆ సాక్ష్యం ఊసు రాలేదు.

అవతలి వైపు బ్రిటిష్ ఖగోళజ్ఞుడు ఫ్రెడ్ హాయిల్. మన జయంత్ నార్లీకర్‌కు గురువు. మతమంటే పడనివాడు. విశ్వానికి మొదలుంది అనే మాటలో సృష్టికర్త వాసన వస్తోందని ఆయనకు చిరాకు. 'బిగ్ బ్యాంగ్' అనే పేరు 1949లో బీబీసీ రేడియోలో ఆయన నోటి నుంచే వచ్చింది. అదే హాయిల్ నక్షత్రాల కడుపులో కార్బన్ ఎలా తయారవుతుందో ఆలోచిస్తూ, కార్బన్ కేంద్రకానికి 7.65 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక శక్తి స్థాయి ఉండి తీరాలన్నాడు. అది లేకపోతే మన ఒంట్లో ఉన్నంత కార్బన్ విశ్వంలో పోగయ్యేదే కాదు. 1953లో కాలిఫోర్నియాలో వెతికితే సరిగ్గా దొరికింది. ఆ అమరిక ఆయన్ను ఎంత వెంటాడిందంటే, ముసలితనంలో ఫిజిక్స్‌లో ఏదో మహా మేధస్సు వేలు పెట్టినట్టుందని రాశాడు. ఫాదరీ వద్దన్న సాక్ష్యాన్ని నాస్తికుడు నెత్తినెత్తుకున్నాడు.

ఈ అమరిక వాదాన్ని నేను తీసిపారేయను. ఆస్తికుల చేతిలో ఉన్న వాదాల్లోకెల్లా బరువైనది అదే. కానీ అది ఎక్కడ ఆగాలో అక్కడ ఆగదు. ఈ స్థిరాంకం కాస్త అటూ ఇటూ అయితే మనం ఉండం అనేది ఫిజిక్స్. కాబట్టి ఎవరో తిప్పి పెట్టారు అనేది ఫిజిక్స్ కాదు. దానికి విరుగుడుగా అసంఖ్యాక విశ్వాలున్నాయి, అందులో మనది ఒకటి అంటారు కొందరు. ఆ విశ్వాలను చూసొచ్చినవాళ్లూ ఎవరూ లేరు. స్టీఫెన్ హాకింగ్ 2010లో తన సహరచయితతో కలిసి, గురుత్వాకర్షణ నియమం ఉంటే చాలు, విశ్వం శూన్యం నుంచి దానంతటదే పుడుతుంది, దేవుడు అక్కర్లేదని రాశాడు. ఆ నియమం మాత్రం ఎందుకుండాలి? దానికి ఆ పుస్తకంలో జవాబుందని నాకు అనిపించలేదు. హాకింగ్ అప్పటికి దాదాపు పాతికేళ్లుగా పోపు గారి సైన్స్ అకాడమీలో సభ్యుడు కూడా. శాస్త్రవేత్తలు మీ కిటికీల్లో ఇమిడే మనుషులు కారు.

అబ్దుస్ సలాం, స్టీవెన్ వైన్‌బెర్గ్ జంటను చూడండి. సలాం నికార్సైన ముస్లిం. నోబెల్ విందులో తలపాగా చుట్టుకుని వచ్చి ఖురాన్ వాక్యాలు చదివాడు. వైన్‌బెర్గ్ నాస్తికుడు, విశ్వంలో ఏ పరమార్థమూ కనిపించడం లేదని పుస్తకంలో రాసుకున్నవాడు. ఈ ఇద్దరూ విడివిడిగా, ఒకరి లెక్క ఒకరు చూసుకోకుండా, విద్యుదయస్కాంత బలాన్నీ బలహీన కేంద్రక బలాన్నీ ఒకే సిద్ధాంతంలో కలిపారు. గ్లాషోతో పాటు 1979లో నోబెల్ పంచుకున్నారు. 1983లో సెర్న్ యంత్రంలో ఆ సిద్ధాంతం చెప్పిన డబ్ల్యూ, జెడ్ కణాలు చెప్పిన బరువులతోనే బయటపడ్డాయి. ఆ సమీకరణాల్లో ఏది సలాం భక్తి నుంచి వచ్చిందో, ఏది వైన్‌బెర్గ్ నిరాశ నుంచి వచ్చిందో ఎవరైనా చూపిస్తే చర్చకు నేను మళ్లీ వస్తాను. దారి ఖర్చులు కూడా అడగను.

ఇదంతా విని, అయితే మతం ఏం చెప్పినా ఫిజిక్స్ నోరు మూసుకోవాలా అని హేతువాద మిత్రులు మండిపడతారు. అక్కర్లేదు. కొలవడానికి వీలైన మాట ఎవరన్నా సరే, కొలిచి చూసే హక్కు మాకుంది. ఆ హక్కుకు బలం ఎక్కడుందో చూడండి.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా పోయింది. ఆ పూట ఫ్రెంచివాడు జాన్సెన్ గుంటూరులో వర్ణపటమాపకం బిగించుకుని కూర్చున్నాడు. సూర్యుడి అంచు నుంచి ఎగసే జ్వాలల వెలుగును విడగొట్టి చూస్తే ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. అవి ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ పట్టుకున్నాడు. సూర్యుడి వర్ణపటంలో ఆ ఏడాది గుర్తించిన పసుపు గీతే హీలియం కథకు మొదలు. భూమ్మీద ఆ వాయువు రామ్సే చేతికి చిక్కింది 1895లో. అంటే సూర్యుడి మీద పదార్థం కూడా మన సీసాలోని పదార్థం లాగే నడుచుకుంటుంది. ఫిజిక్స్ బలమంతా ఇక్కడుంది. కాబట్టి గ్రహణం వేళ అన్నం విషమవుతుందని ఎవరన్నా అంటే, గిన్నె తెచ్చి పరీక్షించొచ్చు. అది దేవుడి గురించిన మాట కాదు, అన్నం గురించిన మాట.

నార్లీకర్ చేసిందీ ఇదే. అది ఫిజిక్స్ కాదు, గణాంక పరీక్ష. అయినా చెప్పుకోదగ్గది. మహారాష్ట్రలో చదువులో చురుకైన పిల్లలవి వంద, మానసిక ఎదుగుదల లోపించిన పిల్లలవి వంద జాతకాలు కలిపి, ఏది ఎవరిదో చెప్పమని జ్యోతిష్కులకు ఒక్కొక్కరికి నలభై చొప్పున పంపారు. జవాబులు పంపినవాళ్లు 27 మంది. సగటున నూటికి 46 సరైనవి. నాణెం ఎగరేసినా నూటికి యాభై వస్తాయి. ఈ ఫలితంతో దేవుడు లేడని తేలిందా? లేదు. పొద్దున ఆరున్నరకు మీ ఛానల్లో నడిచే కార్యక్రమం గురించి మాత్రం ఒక సంగతి తేలింది. దాని మీద మీరు ఇంతవరకూ ఒక్క చర్చా పెట్టలేదు.

ఇస్రో సంగతీ అంతే. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలింది. ఎందుకు కూలిందో వాళ్లు తవ్వి తీశారు. ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ తోపుడు బలం ఇచ్చాయి, తప్పులు పోగుపడ్డాయి, వాటిని దిద్దడానికి ల్యాండర్ వేగంగా తిరగాల్సి వస్తే సాఫ్ట్‌వేర్ తిరగనివ్వలేదు, దిగడానికి ఇచ్చిన స్థలం 500 మీటర్ల చదరం మాత్రమే. చంద్రయాన్-3కి ఆ స్థలాన్ని సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు చేశారు. తిరుమల వెళ్లొచ్చినవాళ్లు, వెళ్లనివాళ్లు కలిసి కూర్చుని తేల్చిన కారణాలివి. మొక్కులో లోపం అన్నది ఆ జాబితాలో లేదు. తిరుమల వెళ్లడం వాళ్ల మనసు కోసం. వెళ్లనివ్వండి. ఆ దర్శనంతో దేవుడు రుజువు కాడు, వాళ్ల లెక్కకు మచ్చా రాదు.

ఇక అసలు మాట. తిరుమల గుడిలోనే భాష్యకార్ల సన్నిధి ఉంది. ఆ భాష్యకారుడు రామానుజాచార్యులు. బ్రహ్మసూత్రాల్లో మూడోదానికి ఆయన రాసిన శ్రీభాష్యం మీ ప్రవచనకర్తలు చదివే ఉంటారు. కుండకు కుమ్మరి ఉన్నట్టే జగత్తుకు కర్త ఉండాలి, కాబట్టి ఈశ్వరుణ్ణి తర్కంతో నిరూపించొచ్చు అనేది నైయాయికుల, అంటే న్యాయశాస్త్ర పండితుల మాట. ఉదయనుడు ఆ పని మీదే 'న్యాయకుసుమాంజలి' రాశాడు. రామానుజులు ఆ అనుమాన ప్రమాణాన్ని, అంటే చూసినదాన్నిబట్టి చూడనిదాన్ని తేల్చే ఆ వాదాన్ని, ముక్కలు ముక్కలు చేశారు. భూమి, సముద్రాలు, కొండలు అన్నీ ఒకేసారి ఒకరే చేశారనడానికి ఆధారమేది? వేర్వేరు కాలాల్లో పలువురు చేసి ఉండకూడదా? మనమెరిగిన ప్రతి కర్తకూ ఒళ్లుంది, పరిమితులున్నాయి. ఆ పోలికతో పోతే మీరు నిరూపించేది కూడా అలాంటివాణ్ణే గదా? యూరప్‌లో తత్వవేత్త హ్యూమ్ ఇంచుమించు ఇవే ప్రశ్నలు వేసింది ఆరేడు శతాబ్దాల తర్వాత. రామానుజులు నాస్తికులు కారు. భగవంతుణ్ణి తెలుసుకోవడానికి శాస్త్రమే, అంటే వేదమే, ప్రమాణమని ఆయన సిద్ధాంతం. జగత్తును చూసి లెక్కకట్టి ఆయన్ను పట్టుకోలేమన్నారు. ఆ కొండ మీద నుంచి లైవ్ ఇస్తూ, ఫిజిక్స్ ఆ స్వామిని నిరూపించిందని మీరు స్క్రోలింగ్ వేస్తారు.

అవతలి పక్షానికి గోరా గారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, తర్వాత విజయవాడకు మార్చారు. వృక్షశాస్త్రం చదివి, చెప్పిన మనిషి. సైన్స్‌ను అడ్డం పెట్టుకుని వాదించాలంటే ఆయనకు చేతకాక కాదు. కానీ ఆయన నాస్తికత్వం నిలబడింది సూక్ష్మదర్శిని మీద కాదు, సహపంక్తి భోజనాల మీద. దేవుడి పేరు చెప్పి మనిషిని అంటరానివాణ్ణి చేసిన వ్యవస్థ మీద ఆయన పోరాటం. కూతురికి దళిత యువకుడితో పెళ్లి చేశారు. గాంధీతో ఆయన చేసిన సంభాషణలు పుస్తకంగా ఉన్నాయి, అందులో వాదం నడిచేది మనిషి ఎలా బతకాలన్న దాని మీద.

మన నేల మీద తిరిగిన గట్టి ఆస్తికుడూ, గట్టి నాస్తికుడూ ఇద్దరూ ఫిజిక్స్‌ను సాక్షికి పిలవలేదు. వాళ్ల వారసులమని చెప్పుకునేవాళ్లు మాత్రం ఆ సాక్షిని చొక్కా పట్టుకుని లాగుతున్నారు. ఎందుకంటారా? వేదం ప్రమాణమంటే నమ్మనివాడు నవ్వుతాడని ఒకరికి జంకు. సమానత్వం కోసం అంటే తన ఇంటి సంగతి అడుగుతారని ఇంకొకరికి జంకు. ఫిజిక్స్ పేరు చెబితే ఎవరూ ఎదురడగరు, ఎందుకంటే ఎవరికీ అర్థం కాదు. నేను కఠినంగా అంటున్నానేమో. కానీ ఆ మధ్య కిటికీలో కూర్చుని చూస్తే ఇలాగే కనిపించింది.

నన్ను అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. దేవుడు ఫలానా రోజున ఫలానా చోట ఫలానా పని చేస్తాడని మీరంటే, అది జరిగిందో లేదో ఫిజిక్స్ చూసి చెబుతుంది, చాలాసార్లు లేదనే చెబుతుంది. ఏ నియమమైనా ఇది ఉంటే అది ఎలా నడుస్తుందో చెబుతుంది. అసలు ఏదైనా ఎందుకుంది, నియమాలు నియమాల్లా ఎందుకున్నాయి అంటే ఆ పుస్తకంలో ఆ పేజీ లేదు. నేను గుడికి వెళ్తానా లేదా అన్నది మీకు అనవసరం, నా ఫిజిక్స్‌కీ అనవసరం.

మా ఫిజిక్స్ వాళ్లను పిలవడం మానేయమని మాత్రం అనను. గురుడు సింహరాశిలోకి వస్తున్నాడు, 2027లో గోదావరి పుష్కరాలు. కిందటిసారి, 2015 జూలై 14న, రాజమండ్రి పుష్కరఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. ఈసారి ముందుగానే ఒక చర్చ పెట్టండి. 2006 జనవరిలో హజ్ యాత్రలో జమరాత్ వంతెన దగ్గర 340 మందికి పైగా చనిపోతే, హెల్బింగ్ అనే భౌతికశాస్త్రవేత్త, అతని తోటివాళ్లు ఆ వీడియోలను ముక్కముక్కగా కొలిచారు. ప్రమాదానికి ముందు జనప్రవాహం సాఫీ నడక మాని, ఆగి కదులుతూ అలలు అలలుగా మారింది. ఆ తర్వాత మనుషులు తమ ప్రమేయం లేకుండా ఎటుపడితే అటు విసిరేసినట్టు కొట్టుకుపోయారు. చదరపు మీటరుకు ఆరేడుగురు దాటాక ఎవరి అడుగూ వాళ్ల చేతిలో ఉండదు. ఆ అలలు కెమెరాలో ముందే కనిపిస్తాయి.

కాబట్టి మధ్య కిటికీలో ఎవరినైనా కుర్ర ఫిజిక్స్ లెక్చరర్‌ను కూర్చోబెట్టి అడగండి. ఘాట్‌కు వచ్చే దారి వెడల్పెంత? గంటకు ఎంతమందిని వదలొచ్చు? ఆగి కదిలే అల కనిపిస్తే గేటు ఎవరు మూయాలి, ఎంతసేపట్లో మూయాలి? ఎదురుగా కలెక్టరు గారిని కూర్చోబెట్టండి. హేతువాదిని కూడా పిలవండి, వీఐపీ స్నానాల కోసం జనాన్ని ఎంతసేపు ఆపుతారని ఆయన అడుగుతారు. ప్రవచనకర్తను తప్పక పిలవండి. గోదావరిలో ఏ ఘాట్‌లో మునిగినా, పన్నెండు రోజుల్లో ఏ రోజు మునిగినా పుణ్యం ఒకటేనని ఆయన నోట రోజుకు నాలుగుసార్లు చెప్పించండి. జనం నా లెక్క వినరు, ఆయన మాట వింటారు.

ఇట్లు,
రిటైరైన ఒక ఫిజిక్స్ పంతులు